గోస్తని వెంబడి సైకిల్ మీద: భీమిలి నుంచి అరకు దాకా

విశాఖ నుంచి అరకు అనగానే పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, ఆ పైన ఘాట్ రోడ్డు. కార్లు, బస్సులు పట్టేది ఆ దారే. సైకిల్ మీద వెళ్లాలనుకుంటే మాత్రం భీమిలి వైపు నుంచి మొదలుపెట్టండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది గోస్తని. ఈ దారిలో ఆ నదిని మొగ దగ్గర పట్టుకుని ఎగువకు పోతాం. రోడ్డు అన్నిచోట్లా నది పక్కనే ఉండదు. అయినా బౌద్ధ ఆరామాలు, డచ్చివాళ్ల సమాధులు, పద్మనాభ యుద్ధభూమి, ఆ తర్వాత కొండ, ఆ కొండ కడుపులో గుహ, ఇవన్నీ వరసగా వస్తాయి. మొదటి రోజు చాలావరకు చదును కాబట్టి కాళ్లకు బరువు అలవాటవుతుంది. రెండో రోజు ఎక్కుడు.

మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు విశాఖ ఆర్కే బీచ్ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా సుమారు 85 కిలోమీటర్లు. రెండో రోజు ఎస్.కోట నుంచి అనంతగిరి. మూడో రోజు గాలికొండ మీదుగా అరకు. ఎస్.కోట నుంచి అరకు 60 కిలోమీటర్లే కదా, ఒక్క రోజులో అయిపోతుందని చాలామంది లెక్క వేస్తారు. కాళ్లు గట్టివైతే అవుతుంది కూడా. కానీ బొర్రా చూడాలంటే మెయిన్ రోడ్డు వదిలి ఆరేడు కిలోమీటర్లు కిందికి దిగాలి, మళ్లీ అంతా ఎక్కి రావాలి. ఒక్క రోజులో అన్నీ కుదించిన వాళ్లు చివరికి వదిలేసేది ఆ గుహనే.

ఎప్పుడు

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో ఘాట్ మీద మట్టి, రాళ్లు జారుతాయి. అక్టోబరులోనూ, నవంబరు మొదట్లోనూ తుఫాన్ల భయం ఉంటుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12నే. ఆ నెలల్లో బయల్దేరాలనుకుంటే వాతావరణ శాఖ సూచనలు చూడకుండా కదలొద్దు. మార్చి దాటితే కింద మైదానంలో ఎండ తట్టుకోలేరు.

డిసెంబరులో ఇంకో సంగతి ఉంది. సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. కొండల మధ్య ఇంకాస్త ముందే చీకటి పడుతుంది. పొద్దున్నే మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించుకోవాలి. అరకులో రాత్రి చలి పది డిగ్రీల కిందికి పోవడం మామూలే. ఒక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

సైకిల్ ఘాట్ ఎక్కుతుందా, లేదా

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పెడళ్ల దగ్గర ఉన్న చైన్‌రింగుల్లో అన్నిటికంటే చిన్నదాని పళ్లు లెక్కపెట్టండి. వెనక చక్రం మీద అన్నిటికంటే పెద్దదాని పళ్లు లెక్కపెట్టండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. ఒకటి కంటే తక్కువ వస్తే బరువుతో ఘాట్ ఎక్కొచ్చు. ఒకటిన్నర వస్తే దిగి తోసుకుంటూ నడవాల్సిందే.

ఎందుకంటే, 700 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. ముందు 28, వెనక 34 పళ్లుంటే పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ 1.77 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. మనిషి, సైకిల్, సామాను కలిపి 95 కిలోలనుకుంటే, నూటికి ఏడు ఎక్కుడున్న చోట దీనికి 130 వాట్లు చాలు. అదే ముందు 42, వెనక 28 అయితే ఆ 60 చుట్లకే గంటకు పదకొండున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది, దానికి 230 వాట్ల పైనే కావాలి. రోజూ తొక్కే మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది 120 నుంచి 150 వాట్లు. ఆ పెద్ద గేరులో వేగం తగ్గించుకుని తొక్కుదామన్నా పెడల్ నిమిషానికి 35 చుట్లకు పడిపోతుంది, భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. ఘాట్ మధ్యలో మోకాలు నొప్పి మొదలైందంటే చాలాసార్లు కారణం ఇదే. కాలిలో బలం లేక కాదు.

గేరు చాలకపోతే కొత్త సైకిల్ కొననక్కర్లేదు. ఏడు గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఉన్న సైకిళ్లకు 14–28 తీసి 14–34 వేయించుకోవచ్చు. అప్పుడు చైను పొడవు, డీరైలర్ (గేరు మార్చినప్పుడు చైనును పక్కకు జరిపే భాగం) చెయ్యి పొడవు రెండూ చూడమని మెకానిక్కుకు చెప్పండి. పాత చైను పొట్టిదైతే పెద్ద పళ్ల మీదికి ఎక్కేటప్పుడు బిగుసుకుపోయి డీరైలర్నే విరగ్గొడుతుంది.

అది వేయించాక ఒక పరీక్ష చేయాలి. సైకిల్ వెనక చక్రం పైకెత్తి, అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి చైను మార్చండి. పెడల్ తిప్పుతూ, డీరైలర్ పంజరాన్ని వేలితో చక్రం పుల్లల (స్పోకుల) వైపు మెల్లగా నెట్టండి. చైను ఆ చక్రం దాటి పుల్లల వైపు ఏమాత్రం జారినా ‘ఎల్’ అని గుర్తున్న మరను పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి. ఈ పరీక్ష చేయకుండా ఇంటి దగ్గర ఖాళీ సైకిల్ తొక్కి చూస్తే ఈ తప్పు బయటపడదు. ఘాట్ మీద బరువుతో, అతి తేలిక గేరులో, బలంగా తొక్కినప్పుడు చైను పుల్లల్లోకి పోతుంది. ఒక్క క్షణంలో డీరైలర్, దాన్ని పట్టుకునే హ్యాంగర్, అయిదారు పుల్లలు పోతాయి. హ్యాంగర్ అంటే చిన్న అల్యూమినియం ముక్క. ఒక్కో సైకిల్‌కు ఒక్కో ఆకారం ఉంటుంది, దారిలో ఏ కొట్లోనూ దొరకదు. మీ సైకిల్‌కు సరిపడేది ఒకటి ముందే కొని సంచిలో వేసుకోండి.

టైరు 32 మిల్లీమీటర్ల కంటే సన్నం వద్దు. 35, 38 అయితే ఇంకా హాయి. 35 టైరులో గాలి వెనక 60, ముందు 50 పీఎస్ఐ దగ్గర పెట్టి, మీ బరువును బట్టి అయిదు అటూ ఇటూ చూసుకోండి. వాల్వు ఏ రకమో కూడా చూడండి. మన పల్లెల సైకిల్ షాపు పంపు మామూలు సైకిల్ వాల్వుకు పడుతుంది. మోటారు సైకిల్ షాపులో గొట్టం లావు వాల్వుకు పడుతుంది. సన్నగా, కొనన చిన్న మర ఉండే ప్రెస్టా వాల్వుకు మోటారు సైకిల్ షాపు గొట్టం పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఏ మోటారు సైకిల్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

దారి సామానులో రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు లివర్లు మూడు, చిన్న పంపు, అలెన్ కీలు, చైను తెంచే పనిముట్టు, చైను కలిపే క్విక్ లింకు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, ఒక గేరు కేబులు, ఒక బ్రేకు కేబులు ఉండాలి. వెనక చక్రానికి సరిపడే పుల్లలు రెండు ఫ్రేముకు టేపుతో అంటించండి. బరువు మోసే సైకిల్‌కు పుల్ల విరిగేది ఎక్కువగా వెనక చక్రంలో, అదీ చైను వైపే. ఆ వైపు పుల్లలు బిగువుగా, నిటారుగా ఉంటాయి కాబట్టి అవే అలసిపోతాయి. ఒక పుల్ల విరిగి చక్రం వంకర తిరిగి బ్రేకుకు తగులుతుంటే, విరిగిన పుల్లకు అటూ ఇటూ ఉన్న రెండు పుల్లలను అర చుట్టు చొప్పున వదులు చేసి ఊరు చేరండి.

సామాను ఎంత

ఎనిమిది కిలోలు. పది దాటనివ్వొద్దు. వీపు మీద బ్యాగు పెట్టుకుంటే చెమట ఆరదు, నడుము పట్టేస్తుంది. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచులు మంచివి. బరువైనవి అడుగున, ఫ్రేము వైపు. పెడల్ తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకుండా సంచిని వెనక్కి జరపాలి. ప్లాస్టిక్ కొక్కేల రబ్బరు తాళ్లతో కట్టొద్దు. ఒక కొక్కెం ఊడి పుల్లల్లో చిక్కుకుంటే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది, దిగుడులో అది ప్రాణం మీదికి తెస్తుంది. నవారు పట్టీలు, బకిల్సు వాడండి. మిగిలిన చివర మడిచి లోపలికి దోపండి.

సామానంతా కట్టి బయల్దేరే ముందు రెండు వారాల్లో కనీసం మూడుసార్లు సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి చూడండి. కొండ మీది గుడి 244 మీటర్ల ఎత్తులో ఉంది, కింది నుంచి ఎక్కుడు దాదాపు 200 మీటర్లు. ఒకే పూట మూడుసార్లు ఎక్కి దిగగలిగితే 600 మీటర్లు. ఆ మర్నాడు మళ్లీ సైకిల్ ఎక్కగలిగితే అనంతగిరి మీకు అందుతుంది. మూడోసారి ఎక్కాక తాళం వేసి, గుడిలో శాసనాలు చూడండి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చినట్టు చెప్పేవి అక్కడే ఉన్నాయి.

మొదటి రోజు

ఆర్కే బీచ్ దగ్గర అయిదున్నరకు. బీచ్ రోడ్డు ఎత్తుపల్లాలతో ఉంటుంది, రుషికొండ దాకా సెలవు రోజుల్లో జనం ఎక్కువ. సుమారు 15 కిలోమీటర్ల దగ్గర ఎడమ చేతి వైపు తొట్లకొండ. ఎత్తు 128 మీటర్లే కానీ పైకి వెళ్లే రోడ్డు నిటారుగా ఉంటుంది. మీ గేర్లకు, బరువుకు అసలు పరీక్ష ఇక్కడే. ఇక్కడ చైను జారినా, సంచి ఊగినా ఇంటికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు, సరిచేసుకోవచ్చు. గేటు తెరిచే వేళ ముందే కనుక్కోండి. 1976లో నౌకాదళం ఆకాశం నుంచి చేసిన సర్వేలో ఈ ఆరామం బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు. బావులున్న బావికొండ కూడా దగ్గర్లోనే ఉంది, కానీ రెండూ ఒకే రోజు చూడాలనుకోవద్దు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిల్ రోడ్డు మీదే ఉంచి నడిచి చూడండి. ఆ మట్టి చేత్తో నలిపితే రాలిపోయేంత మెత్తన, చక్రం తిరిగిన చోట వాన కాలువ చేస్తుంది.

భీమిలిలో టిఫిను. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో ఇక్కడ వ్యాపారానికి దిగారు, వాళ్ల సమాధుల తోట సముద్రానికి దగ్గర్లోనే ఉంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. గోస్తని కలిసే చోట కాసేపు నిలబడండి. ఇక్కడి నుంచి సముద్రం వెనక్కి పోతుంది.

భీమిలి నుంచి పద్మనాభం 20 కిలోమీటర్ల లోపే. పొలాల మధ్య రోడ్డు, సంక్రాంతి ముందర కళ్లాలు రోడ్డెక్కుతాయి. ఆరబోసిన ధాన్యం మీద నుంచి తొక్కకుండా దిగి పక్కనుంచి నడవాలి. తడి గడ్డి చైనులో చుట్టుకుంటుంది కూడా. పద్మనాభం కొండ పాదంలో కుంతీమాధవ స్వామి గుడి. 1794 జూలై 10న పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీల గొడవలో ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. ఆ కొండ చుట్టూ ఉన్న చదును నేల చూస్తే, ఫిరంగులు ముందు పెట్టుకుని వచ్చిన సేనకు ఎదురు నిలవడం ఎంత కష్టమో తెలుస్తుంది. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఇదే మండలం.

ఆ తర్వాత ఎస్.కోట దాకా ముప్పయి కిలోమీటర్ల పైచిలుకు. ఓపిక ఉంటే తాటిపూడి జలాశయం వైపు మళ్లండి. గోస్తని మీద 1960ల్లో కట్టినది, విశాఖ తాగే నీళ్లలో కొన్ని ఇక్కడివే. ఎస్.కోటలో రాత్రి బస. పడుకునే ముందు చైను తుడిచి నూనె వేయండి, మర్నాడు పొద్దున్నే వేసిన నూనె లోపలికి దిగదు.

ఎక్కుడు

పొద్దున్న అయిదున్నరకు, ఇడ్లీలు తిని. చోడి అంబలి దొరికితే ఇంకా మంచిది, నాలుగు గంటలు నిలుస్తుంది. నూనె పూరీలు వద్దు. నీళ్లు మూడు లీటర్లు నింపుకోండి. అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి కలపండి, సగం ప్యాకెట్ కాదు. అరగంటకోసారి రెండు గుక్కలు, గంటకోసారి అరటిపండో వేరుశనగ చిక్కీయో. ఆకలయ్యాక తింటే ఆలస్యమైనట్టే.

బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. మొదటి మూడు కిలోమీటర్లు మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా పోవాలి. ఊపిరి మాటను తెంచుతుంటే గేరు తగ్గించండి. గేరు మార్చేది ఎక్కుడు తగలక ముందే. బరువుగా తొక్కుతూ మారిస్తే చైను పళ్ల మధ్య నలుగుతుంది, తెగేది అప్పుడే. మార్చాల్సి వస్తే అర చుట్టు కాలు తేలిక చేసి మార్చండి.

హెయిర్‌పిన్ వంపుల్లో లోపలి అంచు అన్నిటికంటే నిటారు. ఎడమకు తిరిగే వంపులో వెనక బండ్లు లేవని చూసుకుని మన వరసలోనే కాస్త వెడల్పుగా తిరిగితే ఎక్కుడు సగం తగ్గినట్టుంటుంది. బస్సు వస్తుంటే మాత్రం వంపుకు ముందే ఆగి దాన్ని పోనివ్వండి. వంపు తిరిగేటప్పుడు బస్సు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, లోపల ఉన్న సైకిల్ డ్రైవరుకు కనబడదు. రోడ్డు వెడల్పు పనులు జరిగే చోట కంకర ఉంటుంది. అక్కడ నిలబడి తొక్కితే వెనక చక్రం తిరిగిపోతుంది, కూర్చునే తొక్కాలి.

గంటకు ఆరేడు కిలోమీటర్లే వస్తుంది. అదే సరైన వేగం. టైడ దగ్గర ఆగి నీళ్లు నింపుకోండి, మధ్యలో కొట్లు తక్కువ. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, ఎగువన ఊళ్లు, పశువులు ఉంటాయి. వ్యూ పాయింట్ల దగ్గర కోతులున్న చోట తిండి సంచి హ్యాండిల్‌కు వేలాడదీయొద్దు.

బొర్రా మలుపు దగ్గర నిర్ణయం తీసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట లోపు చేరితే దిగండి. దాటితే నేరుగా అనంతగిరి వెళ్లి బస చేసి, గుహ మర్నాడు పొద్దున్న చూడండి. మంచి అవకాశం ఏమిటంటే, సంచులు బసలోనే వదిలి ఖాళీ సైకిల్ మీద రావచ్చు. గుహ సున్నపురాయిది. నీటిలో కరిగిన సున్నం చుక్క చుక్కగా పేరుకుని పైనుంచి వేలాడుతూ, కింది నుంచి లేస్తూ శిలలైంది. క్లీట్లున్న (పెడల్‌కు బిగుసుకునే గట్టి ముక్క అడుగున ఉండే) సైకిల్ బూట్లతో లోపలికి వెళ్లొద్దు, తడి మెట్ల మీద నిలవవు. నిన్న భీమిలిలో సముద్రంలో కలవడం చూసిన గోస్తని ఇక్కడ కొండ లోపల పారుతోంది.

అనంతగిరి చుట్టూ కాఫీ తోటలు, నీడ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. గింజలు ఆరబెట్టే రోజుల్లో రోడ్డు వార జాగ్రత్త. పర్యాటక శాఖ బసలు టైడ, అనంతగిరి, అరకుల్లో ఉన్నాయి, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. ఏజెన్సీలో దోమల వల్ల మలేరియా ఉంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా, దోమల మందు మరవొద్దు. సిగ్నల్ వచ్చిపోతుంటుంది కాబట్టి మ్యాపు ముందే ఫోనులో దింపుకోండి, చేతిలో నోట్లు ఉంచుకోండి.

మూడో రోజు గాలికొండ. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తు ఇక్కడే. ఆ తర్వాత సుంకరమెట్ట మీదుగా 900 మీటర్లపైన ఉన్న అరకు లోయలోకి దిగుడు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పొలాలన్నీ పసుపు చేస్తాయి. పొలంలో దిగి ఫొటో తీసుకోవాలంటే ఆ రైతును అడిగి దిగండి, మనుషుల ఫొటోలకూ అంతే.

దిగుడు

ఎక్కేటప్పుడు అలసట, దిగేటప్పుడు ప్రమాదం. 95 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే పుట్టే శక్తి దాదాపు మూడు లీటర్ల నీళ్లను మరిగించేంత. వేగంగా పోతే అందులో చాలా భాగం గాలి తీసుకుంటుంది. భయపడి బ్రేకు నొక్కిపట్టి గంటకు పన్నెండు కిలోమీటర్లతో దిగితే దాదాపు అంతా బ్రేకు మీదే పడుతుంది. రిమ్ము బ్రేకైతే ట్యూబు వేడెక్కి పగలొచ్చు. డిస్కు బ్రేకైతే ప్యాడ్లు గాజులా మెరుపెక్కి పట్టు వదిలేస్తాయి.

కాబట్టి తిన్నని చోట బ్రేకు పూర్తిగా వదిలేసి 25, 30 దాకా పోనివ్వండి, వంపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం సగానికి తగ్గించండి, వంపు తిరిగేటప్పుడు వదిలేయండి. అయిదారు కిలోమీటర్లకోసారి ఆగి అయిదు నిమిషాలు చల్లారనివ్వండి. డిస్కును వేలితో ముట్టుకోవద్దు, చర్మం అంటుకుంటుంది. రెండు నీటి చుక్కలు వేస్తే సుయ్‌మని ఎగిరిపోతే ఇంకా ఆగాలి, అంతకు మించి నీళ్లు పోయొద్దు. బయల్దేరే ముందే ప్యాడ్ మందం చూడండి. ఇనుప పలక వదిలి రాపిడి పదార్థం ఒక మిల్లీమీటరు కంటే తక్కువుంటే కొత్తవి వేయాల్సిందే.

దిగడం ఇష్టం లేనివాళ్లకు అరకు నుంచి విశాఖకు కిరండూల్ ప్యాసింజరు ఉంది. ఆ లైనులో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కిటికీలోంచి మీరు ఎక్కిన కొండలే అవతలి వైపు నుంచి కనిపిస్తాయి. సైకిల్ బుకింగు గురించి అరకు స్టేషన్లో ముందు రోజే అడగండి, రైలు వచ్చాక అడిగితే సమయం చాలదు. సంచులు, పంపు, లైట్లు, సీసాలు తీసేసి, పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఫ్రేముకు కట్టి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి బిగించి ఇవ్వాలి. డీరైలర్ ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టమని హమాలీకి చెప్పండి. విశాఖలో దింపుకున్నాక ప్లాట్‌ఫారం మీదే వెనక చక్రం ఎత్తి ఒకసారి అన్ని గేర్లూ మార్చి చూసి, అప్పుడు ఎక్కండి. హ్యాంగర్ వంగి ఉంటే అక్కడే తెలుస్తుంది.